బేరెన్‌బర్గ్

బేరెన్‌బర్గ్ ఉత్తర అట్లాంటిక్, ఆర్కిటిక్ జలాలు కలిసే చోట యాన్ మాయెన్ దీవిలో ఉన్న మంచు పర్వతం. ఎత్తు 2,277 మీటర్లు. సముద్రం పైకి కనిపించే సజీవ అగ్నిపర్వతాల్లో భూగోళం మీద అన్నిటికన్నా ఉత్తరాన ఉన్నది ఇదే. నార్వే ఏలుబడిలోని ఈ దీవి 71 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర, గ్రీన్‌లాండ్‌కు తూర్పుగా సుమారు 500 కిలోమీటర్ల దూరంలో ఉంది. చుట్టుపక్కల మరో నేల లేదు.

దీవి వైశాల్యం సుమారు 377 చదరపు కిలోమీటర్లు. పటంలో చూస్తే గరిటెలా ఉంటుంది. సన్నటి కాడ నైరుతి వైపు, గుండ్రటి భాగం ఈశాన్యం వైపు. ఆ గుండ్రటి భాగమంతా బేరెన్‌బర్గే. రెండింటినీ కలిపే నేల ఒకచోట రెండున్నర కిలోమీటర్లకు మించి వెడల్పు ఉండదు. శిఖరం మీద కిలోమీటరు వెడల్పున్న అగ్నిబిలం నిండా మంచు పేరుకుని ఉంది. బిలం అంచు ఒకవైపు విరిగిపోయింది. ఆ సందులోంచి వైప్రెక్ట్ హిమానీనదం నిట్రవాలుగా, పగుళ్లు విచ్చుకుంటూ సముద్రం దాకా దిగుతుంది. ఇలాంటి మంచు పాయలు కొండ చుట్టూ ఇరవై దాకా ఉన్నాయి. దీవిలో దాదాపు మూడో వంతును మంచే కప్పేసింది. తీరాన ఇసుక మాత్రం నల్లగా ఉంటుంది, అది లావా అరిగి ఏర్పడింది. ఆ ఇసుక మీద సైబీరియా నదుల నుంచి కొట్టుకొచ్చిన దుంగలు గుట్టలుగా పడి ఉంటాయి. దీవిలో చెట్టన్నది లేదు.

ఇంత పెద్ద కొండ అయినా కంటబడడమే అరుదు. గ్రీన్‌లాండ్ వైపు నుంచి వచ్చే చల్లని ప్రవాహం, అట్లాంటిక్ వెచ్చని నీరు ఇక్కడికి దగ్గరలోనే కలుస్తాయి. దాంతో దీవిని తరచుగా పొగమంచు కమ్ముకుని ఉంటుంది. కింద ఓడలో ఉన్నవారికి ఏమీ కనిపించని రోజున కూడా పైన శిఖరం ఎండలో మెరుస్తూ ఉండవచ్చు. ఈ కొండకు తగిలి చీలిన గాలి దిగువన మేఘాలను సుడులు సుడులుగా తిప్పుతుంది. వందల కిలోమీటర్ల పొడవున సాగే ఆ సుడుల వరుస ఉపగ్రహ చిత్రాల్లో స్పష్టంగా కనిపిస్తుంది.

దీవి ఉనికి 1614లో యూరప్ నావికుల పటాలకెక్కింది. డచ్చి ఓడ కెప్టెన్ యాన్ యాకబ్స్‌జూన్ మే పేరే దీవికి స్థిరపడింది. ధ్రువపు ఎలుగుబంట్ల కారణంగా కొండకు ఈ పేరు పెట్టింది కూడా డచ్చి తిమింగలాల వేటగాళ్లే. వేట సామగ్రికి కాపలాగా 1633-34 శీతకాలంలో ఏడుగురు మనుషులను ఇక్కడ ఉంచారు. వసంతం వచ్చేసరికి ఏడుగురూ స్కర్వీతో చనిపోయారు. వాళ్లు రాసుకున్న దినచర్య మాత్రం మిగిలింది. మరి కొద్ది ఏళ్లకే తిమింగలాలు తరిగిపోవడంతో వేటా ఆగిపోయింది.

ఆ తరువాత చాలాకాలం కొండను చూసినవారే తక్కువ. 1817లో విలియం స్కోర్స్‌బీ దీవి మీద దిగి పరిశీలించాడు. మరుసటి ఏడాది తీరం దగ్గర పొగలు లేవడం గమనించాడు. 1856లో లార్డ్ డఫరిన్ 'ఫోమ్' అనే చిన్న ఓడలో మంచుగడ్డల మధ్య వెతుక్కుంటూ వచ్చాడు. పొగమంచు విడివడిన కొద్దిసేపు, తాను ఊహించినదానికన్నా ఎంతో ఎత్తున ఆకాశంలో శిఖరం కనిపించిన తీరును తన యాత్రాలేఖల్లో రాశాడు. తరువాత 1884లో భారతదేశానికి వైస్రాయిగా వచ్చినవాడు ఈయనే. మొదటి అంతర్జాతీయ ధ్రువ సంవత్సరంలో, అంటే 1882-83లో, ఆస్ట్రియా-హంగరీ బృందం ఏడాదిపాటు ఇక్కడే ఉండి దీవిని కొలిచి పటం గీసింది. ఆ ధ్రువ సంవత్సరాన్ని ప్రతిపాదించిన కార్ల్ వైప్రెక్ట్ అది మొదలుకాకముందే, 1881లో మరణించాడు. శిఖరం నుంచి దిగే హిమానీనదానికి ఆయన పేరుండడం ఎంతో సముచితం.

శిఖరాన్ని తొలిసారి 1921 ఆగస్టులో ఎక్కారు. జేమ్స్ వర్డీ, స్విస్ శాస్త్రవేత్త పాల్-లూయీ మెర్కాంటన్, థామస్ లెత్‌బ్రిడ్జ్ ఆ ముగ్గురు. షాకల్టన్ 'ఎండ్యూరెన్స్' యాత్రలో భూగర్భ శాస్త్రవేత్తగా వెళ్లి, ఓడ మునిగాక ఎలిఫెంట్ దీవిలో చిక్కుకుని బతికి వచ్చినవాడు వర్డీ. దీవిలో నార్వే వాతావరణ కేంద్రం కూడా 1921లోనే మొదలైంది. 1929లో దీవి నార్వేలో కలిసింది. రెండో ప్రపంచ యుద్ధంలో నార్వే మొత్తం జర్మనీ వశమైనా యాన్ మాయెన్ వారికి చిక్కలేదు. ఇక్కడి వాతావరణ వార్తలు మిత్రపక్షాలకు అందాయి.

అప్పటికి బేరెన్‌బర్గ్ చల్లారిపోయిన కొండ అనే అందరి అభిప్రాయం. 1732 నాటి విస్ఫోటం, 1818లో స్కోర్స్‌బీ చూసిన పొగలు పాత కథల కిందే జమ అయ్యాయి. 1970 సెప్టెంబరులో ఈశాన్యపు వాలు సుమారు 6 కిలోమీటర్ల పొడవున చీలింది. మంచును చీల్చుకుని లావా సముద్రంలోకి పారింది. సిబ్బందిని దీవి నుంచి తరలించారు. చల్లారాక చూస్తే తీరానికి దాదాపు 4 చదరపు కిలోమీటర్ల కొత్త నేల చేరింది. అలలు ఆ అంచును వెంటనే కోయడం మొదలుపెట్టాయి. 1985 జనవరిలో ఉత్తరపు కొసన మళ్లీ లావా వెలువడింది కానీ ఆ విస్ఫోటం చిన్నది, కొద్ది రోజుల్లోనే ముగిసింది.

2010లో నార్వే ప్రభుత్వం దీవిలో అత్యధిక భాగాన్ని ప్రకృతి రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. శాశ్వత నివాసులు లేరు. వంతులవారీగా వచ్చి పనిచేసే కొద్దిమంది వాతావరణ, రక్షణ శాఖల సిబ్బందే ఇక్కడి జనాభా.