సిరంజి మీది సన్నగీతలు

మన ఇళ్ళలో షుగరు జబ్బుతో బాధపడుతూ, రోజూ తామే సూది వేసుకునే పెద్దలు ఎందరో ఉన్నారు. ఆ సిరంజి మీది సన్నగీతలకూ ఒక చరిత్ర ఉన్నది. అది తెలుసుకోవటం కేవలం కాలక్షేపానికి కాదు, ప్రాణరక్షణకు.

1853లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు ప్రవాజ్ వెండితో చిన్న సిరంజి చేయించాడు. లోపలి మందు కంటికి కనబడదు. పిస్టన్‌కు స్క్రూ ఉండేది. దాన్ని ఎన్ని చుట్లు తిప్పారన్నదే కొలత! అదే కాలంలో ఎడింబరో వైద్యుడు అలెగ్జాండర్ వుడ్ గాజు సిరంజి వాడాడు. గాజులో మందు కనబడింది, ఆ తరువాత గాజు మీద గీతలు వచ్చాయి.

ఆ గీతల విలువ బాగా తెలిసింది ఇన్సులిన్ వచ్చాకనే. 1921లో టొరాంటోలో బాంటింగ్, బెస్ట్ దాన్ని వెలికితీశారు. 1922 జనవరిలో 14 ఏళ్ళ లెనార్డ్ థాంప్సన్‌కు మొదటిసారి ఇచ్చారు. ఈ మందు తక్కువైతే చక్కెర దిగదు. ఎక్కువైతే చెమటలు పట్టి మనిషి స్పృహ తప్పుతాడు. తొలినాళ్ళలో ఒక్కో తయారీ బలం ఒక్కో రకంగా ఉండేది. అందుకని కుందేళ్ళ రక్తంలో చక్కెర ఎంత తగ్గుతుందో చూసి ‘యూనిట్’ అనే కొలత ఏర్పరిచారు. 1924లో అమెరికాలో బెక్టన్ డికిన్సన్ కంపెనీ ఇన్సులిన్ కోసమే ప్రత్యేక సిరంజి చేసింది.

అయితే మందు పలు బలాల్లో రావటంతో తికమక మొదలైంది. దాన్ని తొలగించటానికి అమెరికాలో 1970లలో యు-100 ప్రవేశపెట్టారు. అంటే ఒక సి.సి.లో 100 యూనిట్లు. మన దేశంలో మాత్రం యు-40 సీసాలు నేటికీ వాడుకలో ఉన్నాయి, ఒక సి.సి.లో 40 యూనిట్లే.

చిక్కంతా ఇక్కడే. యు-40 మందును యు-100 సిరంజిలో 20 గీత దాకా తీస్తే వచ్చేది 0.2 సి.సి., అంటే 8 యూనిట్లే! తారుమారై యు-100 మందును యు-40 సిరంజిలో 20 దాకా తీస్తే 50 యూనిట్లు ఒంట్లోకి పోతాయి. గీత ఒకటే, మోతాదు వేరు.

కనుక సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనా అని ముందు చూడండి. సిరంజిని కంటికి ఎదురుగా నిలిపి, పిస్టన్ పై అంచు దగ్గర కొలత చదవండి. గాలి బుడగ ఉంటే తట్టి పోగొట్టండి. అది మందు చోటును ఆక్రమిస్తుంది. ఇంట్లో చూపు ఆనని పెద్దలుంటే ఈ పని పిల్లలు చేసి పెట్టాలి. అనుమానం వస్తే డాక్టరుగారిని అడిగాకే సూది వేయాలి.