శరత్కాలపు సంత: కొత్త గింజ చెప్పే మన చరిత్ర



మన్యం చరిత్ర అనగానే మనకు పితూరీలు గుర్తుకొస్తాయి. విల్లంబులు, ఠాణాలు, అడవి చట్టాలు కళ్ళ ముందు కదులుతాయి. అవి మరచిపోకూడనివే. అయితే ఆ పితూరీల వెనుక ఉన్న ఆకలిని, అప్పును, కొలతను అర్థం చేసుకోవాలంటే మన వారపు సంతను కూడా చరిత్రగా చదవాలి. దసరా నుంచి కార్తీకం దాకా సాగే సంతలు అందుకు మంచి పాఠాలు.

సంతలో ఏం కనిపిస్తుంది?

అరకు, పాడేరు, హుకుంపేట, చింతపల్లి, ముంచింగిపుట్టు... ఒక్కో చోట ఒక్కో వారం సంత. వానలు వెనక్కి తగ్గే ఈ రోజుల్లో కొండ మీద పంటలన్నీ ఒకదాని వెంట ఒకటి దిగుతాయి. ముందుగా కొర్రలు, సామలు. ఆ వెనుక చోళ్ళు. గంపల్లో, కావిళ్ళలో సీతాఫలాలు, గుమ్మడికాయలు, మొక్కజొన్న పొత్తులు, పెండలం, అడవి దుంపలు, అల్లం. అడ్డాకుల్లో కట్టిన చిన్న చిన్న పొట్లాలు. మరోపక్క పిల్లలకు బెల్లం, జీళ్ళు, మరమరాల ఉండలు, వేడివేడి బూరెలు. పెద్దలకు ఎండు చేప, ఉప్పు, పొగాకు. చుట్టూ కొండవాలుల మీద వలిసె పూలు పచ్చగా విరగబూస్తాయి. పర్యాటకులకు అవి ఫొటోలు. మన ఇళ్ళకు రేపటి నూనె.

కొత్త అంటే కట్టుబాటు

పంట ఇంటికి వచ్చినా 'కొత్త' చేయనిదే మన పెద్దలు ముద్ద ముట్టేవారు కారు. కొర్ర కొత్త, సామ కొత్త, చిక్కుడు కొత్త, మామిడి కొత్త అని ఒక్కో పంటకు ఒక్కో పండుగ. ఊరి దేవతకు, పితరులకు పెట్టాకే మనకు. దీన్ని కేవలం ఆచారమని తేలిగ్గా తీసుకోవద్దు. కొత్త అయ్యేదాకా ఎవరూ తొందరపడి పచ్చి కంకి కోయరు, గింజ బాగా ముదురుతుంది, విత్తనానికి పనికొచ్చే వెన్నులు చేతికి దక్కుతాయి. ఊరంతా ఒకే రోజున తినడం మొదలుపెడుతుంది.

ఆ రోజు కోసం ఎంతగా ఎదురుచూసేవారో తెలియాలంటే అంతకు ముందు నెలలు గుర్తుచేసుకోవాలి. ఆషాఢ శ్రావణాల్లో గాదెలు అడుగంటేవి. మామిడి టెంకల పిండితో కాచిన అంబలి, అడవి దుంపలు, వెదురు కొమ్ములు కడుపు నింపేవి. ఆ రోజులు దాటి వచ్చిన మొదటి సామ అన్నం రుచి వేరు.

ఉప్పు కోసం గింజ

మనకు అన్నీ అడవి, పొలం ఇచ్చేవి. ఉప్పు మాత్రం ఇచ్చేవి కావు. రోడ్లు లేని కాలంలో బంజారాలు ఎద్దుల మీద తీరం నుంచి ఉప్పు మోసుకుని ఈ కొండదారుల గుండా జైపూరు వైపు వెళ్ళేవారు, తిరుగు దారిలో ధాన్యం తెచ్చేవారు. ఉప్పు, గుడ్డ ఇచ్చి గింజ, పసుపు, చింతపండు తీసుకోవడం సంతకు పునాది.

ఆ మార్పిడిలోనే మోసమూ చేరింది. మన దగ్గర కొనేటప్పుడు పెద్ద కుంచం, మనకు అమ్మేటప్పుడు చిన్న కుంచం. వానాకాలంలో ఆకలికి ఇచ్చిన గింజను శరత్కాలంలో వడ్డీతో కొలుచుకుని పోయేవారు. కళ్ళంలోని పంట గాదెకు చేరకముందే అప్పుకు చేరేది. 1879లో గోదావరి మన్యంలో లేచిన రంప పితూరీకి కల్లు మీద వేసిన చిగురు పన్నుతో పాటు, మైదానపు వర్తకులు రాయించుకున్న పత్రాలు, వాటి మీద తెచ్చుకున్న కోర్టు డిక్రీలు కూడా కారణమయ్యాయి. 1882 మద్రాసు అడవి చట్టం తరువాత పోడు మీద ఆంక్షలు బిగిశాయి. పోడు పోతే సామ పోతుంది, కొర్ర పోతుంది. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన మన పెద్దలు అడవితో పాటు ఈ తిండి కోసం కూడా పోరాడారు.

చట్టాలు, డిపోలు

1917లో వచ్చిన ఏజెన్సీ వడ్డీ, భూబదలాయింపు చట్టం కొండవాళ్ళ అప్పుపై వడ్డీ ఏడాదికి నూటికి 24 మించకూడదంది. అనుమతి లేకుండా మన భూమి బయటివారికి పోరాదంది. కాగితం మీది మాట సంత దాకా రావడానికి చాలా కాలం పట్టింది. 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. చింతపండు, తేనె, అడ్డాకు, శీకాయ కొనడానికి, ఉప్పు, కిరోసిన్ సరైన ధరకు ఇవ్వడానికి డిపోలు వచ్చాయి. సాహుకారు ఒక్కడే దిక్కు అన్న స్థితి మారింది.

కానీ సీతాఫలం, గుమ్మడి, దుంప లాంటి శరత్కాలపు సరుకు ఇప్పటికీ ఎక్కువగా గంప లెక్కనే పోతుంది. సంతకు చేరకముందే దారిలో ఎదురొచ్చి గంప దించుకునే దళారులను మనం చూస్తూనే ఉన్నాం. కుంచం పోయి కాటా వచ్చింది. ధర చెప్పే నోరు మాత్రం ఇంకా పూర్తిగా మనది కాలేదు.

బియ్యం వచ్చాక

1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. అది ఆకలి నెలలను తగ్గించింది. రోట్లో సామలు దంచి దంచి అలసిన మన అమ్మలకు, అమ్మమ్మలకు ఊరటనిచ్చింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడకూడదు. అయితే దానితో పాటు చోడి అంబలి పేదవాడి తిండి అన్న చిన్నచూపు కూడా మన ఇళ్ళలోకి వచ్చింది. హాస్టల్లో చదివిన మనలో చాలామందికి సామ వెన్నుకు, కొర్ర వెన్నుకు తేడా తెలియదు. తినేవారు తగ్గితే వేసేవారు తగ్గుతారు. వేయకపోతే కొన్నేళ్ళకు విత్తనం చచ్చిపోతుంది.

ఈలోగా లోకం తిరగబడింది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. నగరంలో డాక్టర్లు చోళ్ళు తినమంటున్నారు. మనం సంతలో చవకగా ఇచ్చిన గింజ రంగుల ప్యాకెట్‌లో ఎక్కి కూర్చుంటోంది. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరుకు విలువ ఉంటుందని కాఫీ చూపింది. మన సామకు, మన చోడికి ఆ విలువ తెచ్చేది ఎవరు?

మనం చేయగలిగింది

ఈ శరత్కాలంలో సంతకు సెల్‌ఫోన్‌తో పాటు ఒక నోటు పుస్తకం పట్టుకెళ్దాం. అవ్వ గంపలో ఉన్న ప్రతి గింజ పేరు, ప్రతి దుంప పేరు మన భాషలో రాసుకుందాం. ఏ నెలలో వేస్తారు, కొత్త ఎప్పుడు చేస్తారు, ఎలా వండుతారు అడుగుదాం. దారిలో గంప దించకుండా, పది మంది కలిసి కాటా దగ్గర తూచి ధర చెబుదాం. ఇంట్లో వారానికి ఒక్క పూటైనా చోడి అంబలో, సామ అన్నమో వండమందాం, మనమూ వండుదాం. కొత్త నాటికి సెలవు దొరికితే ఊరికి వెళ్దాం. ప్రతి ఇంట్లో ఒక బుర్రకాయ నిండా విత్తనం మిగిలి ఉంటే, వచ్చే ఏడాది సంతలో మన పంట మళ్ళీ కనిపిస్తుంది.