‘పరిస్థితుల సాక్ష్యము’ - పదవిచారము

సాక్షి యనగా స్వయముగా చూచినవాడు. పాణిని యీ శబ్దమునకు చెప్పిన యర్థ మదియే. సాక్షినుండి సాక్ష్యము వచ్చినది. కావున సాక్ష్యమను మాటలోనే చూపు ఇమిడియున్నది. ‘సర్కమ్‌స్టాన్షియల్ ఎవిడెన్స్’ అను పదబంధము ఆంగ్ల న్యాయశాస్త్రమునుండి మనకు వచ్చినపుడు దానిని ‘పరిస్థితుల సాక్ష్య’ మనియు, ‘సాందర్భిక సాక్ష్య’ మనియు తెలిగించిరి. పరిస్థితులకు కన్నులు లేవు. చూపులేని దానికి సాక్షిత్వము నంటగట్టిన యీ సమాసము పుట్టుకతోనే యొక చిక్కును తెచ్చుకొన్నది. ‘పరిస్థితుల సాక్ష్యము మాత్రమే కలదు’ అని వార్తలలో చదువునపుడు ఆ ‘మాత్రమే’ యను మాటలో ఆ చిక్కు కనబడును. చూచినవాడు చెప్పినది నిండు సాక్ష్యమనియు, తక్కినది అర సాక్ష్యమనియు పాఠకుడు భావించును. న్యాయశాస్త్రమున నిట్టి తారతమ్యము లేదు.

చిక్కు కొంత ఆంగ్లమునందే కలదు. 1872 నాటి భారత సాక్ష్య చట్టమును రూపొందించిన జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ ‘ఎవిడెన్స్’ అను మాటలో రెండర్థములు కలగలసిపోయినవని గుర్తించినాడు. సాక్షి నోట పలికిన మాట యొకటి. ఆ మాటచేత రుజువై మరియొక దానిని సూచించు విషయము మరియొకటి. అందుచేత నాయన చట్టమున ‘సర్కమ్‌స్టాన్షియల్ ఎవిడెన్స్’ అను పదబంధమునే వాడక, సంబద్ధ విషయములు అను విభాగమును కల్పించినాడు. ఆ చట్టపు 60వ సెక్షనులో (2024 జూలై 1నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమున 55వ సెక్షను) మౌఖిక సాక్ష్యము ప్రత్యక్షమై యుండవలెనని యున్నది. అచట ప్రత్యక్షమునకు ప్రతియోగి వినికిడి మాటయే కాని పరిస్థితి కాదు. నెత్తుటి మరకను తన కన్నులతో చూచినవాడు ఆ మరకకు ప్రత్యక్ష సాక్షియే. హత్యవిషయమున మాత్రమే ఆ మరక పరిస్థితి. ఈ భేదమును మరచి ‘ఊరివారు చెప్పుకొనుచున్నారు’ అను దానిని గూడ పరిస్థితుల సాక్ష్యమని వ్రాయువారు కలరు. ‘నిప్పు లేనిదే పొగ రాదు’ అను సామెతను వదంతికి ఊతగా తెచ్చుట యిట్టిదే. తార్కికుడు పొగను కన్నులార చూచి నిప్పు నూహించును; వదంతిలో పొగను చూచినవాడే లేడు.

మన పూర్వుల కీ భావము క్రొత్త కాదు. యాజ్ఞవల్క్యుడు లిఖితము, భుక్తి, సాక్షులు అని మూడు ప్రమాణములు చెప్పి, అవి లేనిచోట దివ్యములను విధించెను. చౌర్యప్రకరణమున మాత్రము దొంగిలిన సొత్తునుబట్టియు, అడుగుజాడనుబట్టియు దొంగను పట్టవచ్చు ననినాడు. 1872 నాటి చట్టపు 114వ సెక్షనులోని మొదటి ఉదాహరణము, దొంగసొత్తు వెంటనే యెవనియొద్ద దొరకునో వాడు తగిన సమాధానము చెప్పనిచో నేమనుకొనవచ్చునో తెలుపునది, దీనికి దగ్గర చుట్టము. విజ్ఞానేశ్వరుని మితాక్షర యీ స్మృతికి వ్యాఖ్యయే. దానిని కేతన పదమూడవ శతాబ్దిలోనే తెనిగించెను గనుక తెలుగువారి కీ విచారము చిరపరిచితము.

నారదుడు మరింత ముందునకు పోయినాడు. చేత కొరివి గలవాడు ఇల్లు కాల్చినవాడని, ఆయుధము గలవాడు చంపినవాడని, సాక్షులు లేకయే చిహ్నములచేత తెలియవచ్చునని చెప్పి, వెంటనే యొక హెచ్చరిక చేసినాడు: పగవానిపై నేరము మోపుటకై తన యొంటిమీద తానే గాయములు చేసికొనువా డుండును, కావున యుక్తితో పరీక్షింపవలెను. దొంగ కాని మాండవ్యుడు దొంగ యైన వృత్తాంతమును గూడ నాతడు స్మరించినాడు. ఆదిపర్వమున ఆ కథ మనవారందరు చదివినదే. దొంగలు ఆశ్రమమున సొమ్ము దాచిరి. ముని మౌనమున నుండెను. భటులకు సొమ్మును కనబడినది, దొంగలును దొరకిరి. శూలము వేయుటకు రాజున కంతకంటె నేమి కావలెను?

ఇంత సామగ్రి యుండగా దేశీయమైన పారిభాషిక పదమేల నిలువలేదు? న్యాయదర్శనమున సరియైన పద మున్నది, అది అనుమానము. లింగమును చూచి లింగిని తెలిసికొనుట. కాని తెలుగు వాడుకలో అనుమానమనగా శంక. ‘అనుమాన ప్రమాణముచేత శిక్షించిరి’ అని వ్రాసినచో శంకతోనే శిక్షించిరని లోకు లనుకొందురు. శాస్త్రమున నిశ్చయమునకు సాధనమైన పదము లోకమున అనిశ్చయమునకు పేరైనది. అనువాదకులు దానిని విడిచిపెట్టుటలో తప్పులేదు. కాని వారు చేపట్టిన ‘పరిస్థితి’ యును నిర్దోషము కాదు. మన వాడుకలో పరిస్థితి యనగా స్థితిగతులు, కుటుంబ పరిస్థితి, దేశ పరిస్థితి వంటివి. న్యాయస్థానమున నది యొక్కొక్కటిగా రుజువు చేయదగిన విషయము.

ఈ మాట హద్దు లెట్టివో తెలియుటకు తెలుగుగడ్డతో సంబంధించిన వ్యాజ్య మొకటి కలదు. 1937 మార్చి 23న పూరీ రైల్వే స్టేషనులో మూడవ తరగతి బండిలో నొక ట్రంకుపెట్టె దొరకినది. అందు ముక్కలుగా నరకిన శవ మున్నది. మృతుడు పిఠాపురమువాడు. తనకు రావలసిన బాకీకై బరంపురము పోవుచున్నానని భార్యతో చెప్పి బయలుదేరినవాడు. చంపుటను చూచినవా డెవడును సాక్ష్యము చెప్పలేదు. పెట్టెను కొన్న వైనము, దానిని జట్కాలో స్టేషనునకు చేర్చిన వైనము, భార్య చెప్పిన యా మాట, ఇవియే ఆధారములు. ఇదియే 1939లో ప్రీవీ కౌన్సిలు తీర్పుచెప్పిన పాకాల నారాయణస్వామి కేసు. మృతుని మాట ‘మరణమునకు దారితీసిన వ్యవహారపు పరిస్థితులు’ అను 32వ సెక్షను పరిధిలోనికి వచ్చునా యన్నది అందొక ప్రశ్న. వచ్చునని లార్డ్ అట్కిన్ తేల్చుచు, ఆ సెక్షనులోని ‘పరిస్థితులు’ అను మాట ‘సర్కమ్‌స్టాన్షియల్ ఎవిడెన్స్’ లోని మాటయంత విశాలము కాదనియు, ఈ రెండవది సంబద్ధ విషయములన్నింటిని కలుపుకొనుననియు వివరించినాడు. తెలుగున రెండు చోట్లను ‘పరిస్థితులు’ అనియే వ్రాయుదుము. భేద మెక్కడ తెలియును?

ఇట్టి విషయములు ఎన్ని చేరిన చాలు నన్నదానికి 1952లో హనుమంత్ గోవింద్ నర్గుంద్కర్ కేసునందు సుప్రీంకోర్టు కొలత చెప్పినది. ప్రతి విషయమును ముందుగా పూర్తిగా రుజువు కావలెను. అవి యన్నియు గొలుసుగా కూడి నిందితుని దోషము తప్ప వేరొక ఊహకు తావియ్యరాదు. 1984లో శరద్ బిర్ధీచంద్ సార్దా కేసున నీ సూత్రములనే ఐదుగా విడదీసి ‘పంచశీల’ మనిరి. గొలుసు ఉపమానము నందరు నొప్పుకొనలేదు. 1866లోనే ఇంగ్లండున పొలక్ న్యాయమూర్తి, ఒక లంకె తెగిన గొలుసు తెగును గనుక దీనిని పెక్కు పేటల మోకుతో పోల్చుట మేలనినాడు. నాకు రెండును కావలెననిపించును: ఊహ సాగుటకు మోకు, ఊహ ఆగుటకు గొలుసు.

మన సామెతలో గుమ్మడికాయల దొంగ యనగానే భుజములు తడుముకొన్నవా డున్నాడు. కాయమీది బూడిద భుజమున కంటియుండునని వాని భయము. ప్రవర్తనమును విషయముగా గ్రహించు 8వ సెక్షనుకు మన పల్లెవారి వ్యాఖ్య యిది. ఐనను ఒట్టి యనుమానమునకు జడిసి భుజము చూచుకొను నిరపరాధి ఏ సంతలోనైన నుండును.

ఈ పదమును సాహిత్యచరిత్రలోనికి తెచ్చుకొన్న మనము ఆ కొలతను తెచ్చుకొన్నామా యని సందేహము. కేతన దశకుమారచరిత్రమును తిక్కనకు అంకితమిచ్చెను. వారి సమకాలీనత లిఖితముచేత సిద్ధము, దానిని పరిస్థితుల సాక్ష్యమనుట పొరపాటు. నన్నెచోడుని సంగతి వేరు. 1909లో కుమారసంభవమును ప్రకటించిన మానవల్లి రామకృష్ణకవి యాతనిని నన్నయకు పూర్వుడనెను, పలువురు కాదనిరి. చాళుక్యరాజులు తెనుగున దేశికవితను నిలిపిరని యా కావ్యావతారికలో నున్నది. ఆ చాళుక్యులు రాజరాజనరేంద్రుని వంశమువారనిన కవి నన్నయకు తరువాతివాడగును. అంతకుముందు తెలుగు శాసనములు వేయించిన చాళుక్యులనిన పూర్వుడు కావచ్చును. ఒకే విషయము రెండూహలకును లొంగుచున్నది. 1952 నాటి కొలతకు నిలువని యీ జాడను ఉభయపక్షములవారును సాక్ష్యమనియే వ్రాసిరి. జాడ యనినచో నంత తగవు ఉండెడిది కాదేమో.