క్రొత్త ఖాతా యేల తెరువబడదు?

పూర్వము గ్రామమున భూమి చేతులు మారినప్పుడు ఒక్క దస్తావేజుతో పని తీరెడిది కాదు. రిజిస్ట్రారు కచేరిలో నమోదు జరిగినను, కరణము లెక్కలలో పేరు మారనియెడల శిస్తు పాతవాని పేరనే వచ్చుచుండెడిది. లినక్సు అను కంప్యూటరు వ్యవస్థలో క్రొత్తవానికి ఖాతా తెరచుటయు నిట్టిదే. అది యొక్క నమోదు గాదు, పెక్కు నమోదులు. అట్లేల యైనదో తెలిసినచో లోపమును వెదకుట సులభమగును.

1961వ సంవత్సరమున అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమందు ఫెర్నాండో కొర్బాటోయు, నాతని సహచరులును ఒకే కంప్యూటరును పలువు రేకకాలమున వాడుకొను నేర్పాటును ప్రదర్శించిరి. యంత్ర మొకటి, వాడుకొనువారు పెక్కురు. కావున ఒక్కొక్కరికి ఒక పేరును, ఒక రహస్యపదమును అవసరమయ్యెను. 1966లో అచ్చట నొక వింత జరిగెను. ఒక నిర్వాహకుడు రహస్యపదముల పట్టికను, వేరొకడు ఆనాటి ప్రకటనను ఒకే సమయమున దిద్దుచుండిరి. ఇద్దరి చిత్తుప్రతులకును యంత్రము ఒకే పేరు పెట్టుటచే నవి తారుమారయ్యెను. లోనికి వచ్చిన ప్రతివానికిని ప్రకటనకు బదులు అందరి రహస్యపదములును కానవచ్చెను!

1969లో బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ ప్రభృతులు యునిక్సును ఆరంభించిరి. అందు రహస్యపదములను గూఢరూపమునకు మార్చి, అందరును చదువదగిన పట్టికలోనే యుంచిరి. అయినను 1979లో రాబర్ట్ మారిస్, థాంప్సన్ ప్రకటించిన వ్యాసము ప్రకారము, 3,289 రహస్యపదములలో 2,831 సులభముగా ఊహింపదగినవై యుండెను. గూఢరూపము మాత్రమే చాలదని తెలిసిన పిదప, పేర్లు ఒక పట్టికలోను, గూఢరూపములు నిర్వాహకునకు మాత్రమే కనబడు వేరొక పట్టికలోను చేరెను. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్సును ఈ మార్గమునే అనుసరించినది.

ఇక లోపముల మాట. పట్టికకు తాళము వేయజాలకున్నానని యంత్రము పలికినచో, అప్పుడు వేరొకరు దానిని దిద్దుచున్నారేమో చూడవలెను. ఎవరును లేనియెడల, నడుమ ఆగిపోయిన పని విడిచిన పాత తాళము అడ్డుపడి యుండవచ్చును. నిశ్చయించుకొనిన పిదపనే దానిని తొలగింపవలెను. 1966 నాటి తారుమారు తలచినచో ఈ తాళము విలువ తెలియును. పేరు చేరియు ప్రవేశము దొరకనిచో, రహస్యపదము నియమింపబడలేదేమో చూడవలెను. అంతవరకు రహస్యపదముతో ప్రవేశము మూయబడియే యుండును. లోనికి వచ్చియు తన కాగితములు దాచుకొన చోటు లేనిచో, గృహమనబడు సంచయము సృష్టింపబడలేదన్నమాట.

ఖాతా తెరువబడలేదని విసుగుచెంది, నిర్వాహకుని రహస్యపదమునే క్రొత్తవాని చేతికిచ్చువారు కలరు. అది యింటి తాళపుచెవుల గుత్తినంతయు బాటసారికిచ్చుట వంటిది. రేపు ఏదేని పాడైనచో చేసినవాడెవడో తెలియదు. నిరపరాధికి నింద తప్పదు. ఎవరి ఖాతా వారికుండుట గోప్యమునకే గాదు, న్యాయమునకును. కావున నొక గడియ యాలస్యమైనను పట్టికలను వరుసగా పరిశీలించుటయే మేలు.