మెలితే ద్వీపము – ఆ ప్రజల నోటి మాట

అపొస్తలుల కార్యముల గ్రంథములో 27, 28 అధ్యాయములు మన సండే స్కూలు పిల్లలకు కూడ బాగా తెలిసిన కథ. క్రీ.శ. 60 ప్రాంతమున, గోధుమలు మోసికొని రోమా దేశమునకు పోవుచున్న అలెక్సంద్రియ ఓడలో పౌలు ఖైదీగా ఉన్నాడు. పదునాలుగు రాత్రులు తుపానులో కొట్టుకొనిపోయి, ఓడ బద్దలై, అందులోని 276 మందీ ప్రాణములతో ఒడ్డు చేరినారు. ఆ ఒడ్డు మెలితే. నేటి మాల్టా.

చలిలో, వర్షములో వణకుచున్న ఆ 276 మందికి ద్వీపవాసులు నిప్పు రాజవేసి ఇచ్చినారు. వారిని లూకా ఏమన్నాడో గమనించండి. మన తెలుగు బైబిలులో ‘అనాగరికులు’ అని ఉన్నది. లూకా వ్రాసిన గ్రీకు మాటకు అసలు అర్థము గ్రీకు భాష రానివారు అని. వినేవారి చెవికి అర్థము కాని శబ్దములు పలికేవారన్నమాట. ఆ కాలమున వారి నోట ఉన్నది ప్యూనిక్, అనగా ఫెనీకయులు తెచ్చిన భాష. అది హెబ్రీకి దగ్గరి చుట్టము. అనాగరికులన్న మాట వారి నడవడికి కాదు, వారి భాషకు తగిలించినది. ఈ వ్యాసము ముఖ్యముగా ఆ సంగతిని గురించియే.

ముందుగా స్థలము చూతము. మాల్టా, గోజో, కొమినో అను మూడు దీవులు కలిపి 316 చదరపు కిలోమీటర్లు మాత్రమే. పెద్ద దీవి పొడవు 27 కిలోమీటర్లు. ఇటలీకి చెందిన సిసిలీ ద్వీపమునకు దక్షిణముగా ఉన్నది. మన బందరు, కాకినాడ తీరముల వలె ఇసుక మేటలు కావు. చాలచోట్ల సున్నపురాతి గుట్టలు నిలువుగా సముద్రములోనికి దిగిపోతవి. ఇసుక ఒడ్డులు కొద్ది. మెల్లీహా వద్ద ఒకటి, గోజోలో ఎఱ్ఱని ఇసుకతో నిండిన రమ్లా ఒకటి. గోజో తీరమున సముద్రపు మీద తోరణమువలె నిలిచిన గొప్ప రాతి కిటికీ ఒకటి ఉండెడిది. 2017 మార్చి 8న గాలివానకు అది కూలి సముద్రములో కలిసిపోయినది. పాత చిత్రపటములు చూచి వెళ్ళేవారు నిరాశపడుదురు.

పౌలు దిగిన చోటు ఉత్తర తీరమున సెయింట్ పాల్స్ బే అని అనాదిగా చెప్పుదురు. ఇప్పుడక్కడ హోటళ్ళు క్రిక్కిరిసి ఉన్నవి. నాటి ఏకాంతము ఊహించుకొనవలసినదే. ఎదుటనున్న చిన్న దీవిపై పంతొమ్మిదవ శతాబ్దములో నిలిపిన అపొస్తలుని విగ్రహము ఉన్నది. వేరే చోట్లు చెప్పే పండితులు లేకపోలేదు. అద్రియ సముద్రమన్న మాటను పట్టుకొని, నేటి క్రొయేషియా తీరములోని మ్ల్యెట్ దీవి అని వాదించినవారు కూడ ఉన్నారు. కాని 1848లో జేమ్స్ స్మిత్ అను స్కాట్లాండు దొర ఒక గ్రంథము ప్రచురించినాడు. ఆయన స్వయముగా ఓడ నడిపినవాడు. పాతకాలపు ఓడ ఆ గాలికి దినమునకు ఎంత దూరము కొట్టుకొనిపోవునో లెక్కగట్టి, కౌద దీవి నుండి మాల్టాకు పదమూడు దినములు పైచిలుకు పట్టునని తేల్చినాడు. లూకా చెప్పిన ఇరువది బారల లోతు, పదునైదు బారల లోతు ఆ అఖాతపు మొనవద్ద సరిపోయినవట. పడవెక్కినవాని లెక్కకు గదిలో కూర్చున్నవాని వాదము కన్న విలువ ఎక్కువని నా అభిప్రాయము.

ఆ దీవులలో మానవుల చరిత్ర పౌలు కన్న బహు పురాతనము. గోజోలోని జ్‌గంతియా రాతి ఆలయములు ఐగుప్తు పిరమిడ్ల కన్న సుమారు వెయ్యేండ్లు ముందువి. ఆ బండలను ఒక రాక్షసి మోసి కట్టినదని పల్లెవారు కథ చెప్పుకొనెడివారు. తరువాత ఫెనీకయులు, కార్తేజివారు, క్రీ.పూ. 218లో రోమీయులు, క్రీ.శ. 870లో అరబ్బులు, 1091లో నార్మనులు, 1530లో సెయింట్ జాన్ నైట్లు వచ్చినారు. ఈ నైట్లు చక్రవర్తికి చెల్లించిన శిస్తు ఏడాదికొక డేగ. 1565లో తురకల ముట్టడిని నిలువరించి, మరుసటి ఏడు వలెట్టా నగరమునకు పునాది వేసినారు. 1798లో నెపోలియను, 1800లో ఆంగ్లేయులు. స్వాతంత్ర్యము 1964 సెప్టెంబరు 21న వచ్చినది.

ఇంతమంది ఏలికలు మారినా పల్లె మారలేదు. ప్రతి పల్లెకు నడుమ ఒక పెద్ద గుడి, దాని గుమ్మటము, చుట్టును ఇండ్లు. వేసవిలో బాణాసంచాతో, బ్యాండు మేళముతో పునీతుని పండుగ. అనేక గుళ్ళకు రెండు గడియారములు ఉండును. ఒకటి సరియైన వేళ చూపును, రెండవది సాతానును దారి తప్పించుటకట! మార్సష్లోక్ అను బెస్తవారి పల్లెలో పడవల ముక్కున రెండు కన్నులు చిత్రించుదురు. ఇది ఫెనీకయుల నాటి ఆచారమందురు. మోస్తా గుడిలో 1942 ఏప్రిల్ 9న సుమారు 300 మంది ఆరాధనకు కూడియుండగా గుమ్మటము తొలుచుకొని జర్మను బాంబు పడినది. అది పేలలేదు. ఫిబ్రవరి 10న పౌలు ఓడ పగిలిన పండుగను దేశమంతా ఆచరించును.

ఇక భాష. నేటి మాల్టీసు భాష లూకా విన్న ప్యూనిక్ కాదు. అరబ్బుల కాలమున సిసిలీ మీదుగా వచ్చిన అరబీ నుండి పుట్టినది. అందుచేత చిత్రము చూడండి. దాదాపు అందరూ క్రైస్తవులైన ఆ ప్రజలు దేవుని ‘అల్లా’ అని ప్రార్థించుదురు. లెంటు కాలము వారికి ‘రందాన్’. ఈస్టరు ‘ఈద్’. వందలాది ఏండ్లు ఈ భాషకు గౌరవము లేదు. కోర్టులోను, బడిలోను ఇటాలియను, ఆరాధనలో లాటిను. మాల్టీసు వంటింటిలోను, పొలములోను, పడవలోను మాట్లాడుకొనే మాట. లూకా నాటి ఆ బిరుదు ఇంకను వదలలేదన్నమాట.

జెబ్బూజ్ అను పల్లెలో 1764లో ఒక రైతు కుటుంబమున మికేల్ ఆంతోన్ వస్సల్లి పుట్టినాడు. రోమాలో ప్రాచ్య భాషలు చదివి, 1791లో తన తల్లిభాషకు వ్యాకరణము, 1796లో నిఘంటువు ప్రకటించినాడు. ఆ నిఘంటువులోనే తన దేశస్థులను ఉద్దేశించి, పిల్లలకు స్వభాషలో చదువు చెప్పవలెనని కోరినాడు. 1797లో నైట్ల ప్రభుత్వముపై కుట్రలో చేరి చెరసాల పాలైనాడు. ఫ్రెంచివారి పక్షము వహించినందున ఆంగ్లేయులు 1801లో దేశము వెళ్ళగొట్టినారు. ఇరువది ఏండ్ల దేశభ్రష్టత్వము తరువాత 1820లో ముసలితనమున తిరిగి వచ్చినాడు. అక్కడ స్థిరపడిన ఫ్రెయర్ అను ఆంగ్ల కవి ప్రోత్సాహముతో 1825లో విశ్వవిద్యాలయమున మాల్టీసు భాషకు మొదటి ఆచార్యుడైనాడు.

అప్పటికి మాల్టాలో చర్చి మిషనరీ సొసైటీ వారు అచ్చుకూటము నడుపుచుండిరి. 1841లో మన మచిలీపట్టణమునకు నోబుల్, ఫాక్స్ దొరలను పంపిన సొసైటీయే ఇది. వారి కోరికపై వస్సల్లి నాలుగు సువార్తలను, అపొస్తలుల కార్యములను మాల్టీసులోనికి తర్జుమా చేసినాడు. మెలితేలో పౌలు గడిపిన మూడు నెలల కథ, పొప్లి తండ్రి జ్వరము, చేతికి చుట్టుకొన్న సర్పము, ఇవన్నియు ఆ ద్వీపపు భాషలో వచ్చినవి. 1829 జనవరిలో ఆయన మరణించినాడు. పుస్తకము ఆ ఏడే అచ్చయినది. రోమను సంఘము సమాధికి చోటు ఇవ్వలేదు. వలెట్టా శివారు మ్సీదా కోటగోడపై నున్న ప్రొటెస్టంటుల సమాధుల తోటలో, పరదేశుల నడుమ ఆయనను పాతిపెట్టినారు.

ఇక్కడ మన సంఘస్థులు ఒక లెక్క వేసికొనవచ్చును. విశాఖపట్టణమున డెస్ గ్రాంజెస్ దొర, ఆనందరాయరు కలిసి చేసిన తెలుగు సువార్తలు మూడు 1812లో శ్రీరామపురమున అచ్చయినవి. అపొస్తలుడే స్వయముగా నడిచిన నేలకు నాలుగు సువార్తలు ఒక్కచోట చేరినది 1829లో! మనకు పదునేడేండ్ల తరువాత. మన పితరులకు ముందుగా దొరికినదని నేను గర్వముగా చెప్పుట లేదు. ఆనందరాయరు వంటివాడు, వస్సల్లి వంటివాడు ఎదుట కూర్చుండి మాటకు మాట వెదకనిదే ఏ దొరవలనను ఆ పని అయ్యేది కాదు.

మాల్టీసుకు 1934లో అధికార భాషా హోదా దొరకినది. వస్సల్లిని కాదన్న రోమను సంఘములోని గురువే, పీటర్ పాల్ సైదోన్ అను పండితుడు, 1929 మొదలు 1959 వరకు మూల భాషల నుండి బైబిలంతయు మాల్టీసులోనికి తెచ్చినాడు. ముప్పది ఏండ్ల ప్రయాస. నేడు అదే గుళ్ళలో ఆరాధన ఆ భాషలోనే జరుగుచున్నది. మ్సీదా సమాధుల తోట యుద్ధములో దెబ్బతిని చాలకాలము పాడుపడియుండి, తరువాత బాగుచేయబడినది. ఓడరేవు వైపు తిరిగి ఉన్న ఆ తోటలో వస్సల్లి సమాధిని చూడవచ్చును.