డ్రిల్లు పీరియడు పుట్టుక

తెలుగు బడుల్లో వ్యాయామ పాఠానికి చాలాకాలం డ్రిల్లు అనే పేరే ఉండేది. మాటే కాదు, పద్ధతి కూడా పటాలం నుంచి వచ్చిందే. బ్రిటిష్ పాలనలో ఈ పాఠం చెప్పినవారిలో సైన్యం నుంచి విరమించిన సిపాయిలు చాలామంది. వరసలో నిలబడడం, అటెన్షన్, స్టాండటీజ్, అంకెలు చెబుతుంటే చేతులు ఎత్తి దించడం, అంతే. చేసే పని మీద పిల్లవాడికి ఇష్టం ఉందా లేదా అన్నది ఎవరికీ పట్టలేదు. బెత్తం భయం చాలనుకున్నారు.

నిజానికి 1882లో నియమించిన హంటర్ విద్యా కమిషన్ డ్రిల్లుతో పాటు దేశీయ ఆటలనూ, జిమ్నాస్టిక్స్‌నూ ప్రోత్సహించమంది. ఆచరణలో డ్రిల్లుదే పైచేయి అయింది. సరంజామా అక్కర్లేదు, ఒక్క గొంతు వందమందిని కదిలిస్తుంది. చెడుగుడు, బిళ్లంగోడు బడి గోడ అవతలే ఉండిపోయాయి. బాధ కలిగించే విషయం ఇదే: పిల్లలు తమంతట తాము ఒకరిని చూసి ఒకరు నేర్చుకునే విద్యను బడి చదువుగా లెక్కించలేదు.

వీధి తాలింఖానాలో సంగతి వేరు. అక్కడ కుర్రాడు కోరి చేరతాడు, గురువు తాను చేసి చూపిస్తాడు, నిన్నటికంటే నాలుగు దండీలు ఎక్కువ తీయడమే వాడి పరీక్ష. విజయనగరంలో అలా సాము నేర్చిన కోడి రామ్మూర్తి సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, తిరిగివచ్చి విజయనగరంలోనే బడి పిల్లలకు వ్యాయామోపాధ్యాయుడయ్యాడు. సర్కసు కీర్తి ఆ తర్వాతిది.

బడి తీరు మారడానికి దారి వేసింది అమెరికా నుంచి వచ్చిన హారీ క్రో బక్. 1920లో ఆయన మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాల స్థాపించాడు. వ్యాయామం చెప్పడం కూడా శిక్షణ కావలసిన ఉపాధ్యాయ వృత్తేనని అది నిలబెట్టింది. వాలీబాల్, బాస్కెట్‌బాల్ వంటి ఆటలు మన బడులకు అందడంలో వై.ఎం.సి.ఎ. చేయి పెద్దది. బంతి కోసం పరుగెత్తే పిల్లవాణ్ణి అదిలించనక్కర్లేదు. 1931లో హైదరాబాదులోనూ ప్రభుత్వ వ్యాయామ కళాశాల వెలిసింది.

స్వాతంత్ర్యం వచ్చాక క్రమశిక్షణే మళ్లీ ముందుకొచ్చింది. ఆజాద్ హింద్ ఫౌజులో పనిచేసిన జనరల్ భోంస్లే 1954లో జాతీయ క్రమశిక్షణ పథకం ప్రారంభించాడు. 1960ల మధ్యలో అది నేషనల్ ఫిట్‌నెస్ కోర్‌లో కలిసింది. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ఆరోగ్య, వ్యాయామ విద్యను పదో తరగతి దాకా తప్పనిసరి పాఠ్యాంశంగా చూసింది. పరీక్షలు దగ్గరపడితే ఆ పీరియడు లెక్కల మాస్టారికి వెళ్లే అలవాటు మాత్రం ఇంకా పోలేదు.