సెలవు ఖాతా – విడిది పాయింట్లు

మన సంఘ ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు కోరిన వారంలోనే, ఒక సభ్యమిత్రుడు దళసరి ఒప్పంద పత్రమొకటి సంచిలో పెట్టుకుని మా ఇంటికి వచ్చారు. గ్రాట్యుటీ డబ్బులో కొంత పెట్టి ఒక హాలిడే క్లబ్బులో పాతికేళ్ల సభ్యత్వం తీసుకున్నారట. ఏటా పాయింట్లు జమ అవుతున్నాయి. మనవల దసరా సెలవులకు గది అడిగితే మాత్రం మూడేళ్లుగా ఖాళీ లేదంటున్నారు. "పాయింట్లున్నాయి కదండీ, గది ఎందుకివ్వరు?" అన్నది ఆయన ప్రశ్న.

జవాబు కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1960లలో ఫ్రాన్సులోని ఆల్ప్స్ కొండల్లో సూపర్‌దేవోలుయి అనేచోట ఏడాదికొక వారం చొప్పున విడిది గదులపై హక్కు అమ్మారు. ఫలానా వారం మీది, అంతే. కాలువ కింద రైతుకు వంతు నీరు వచ్చినట్లన్నమాట. తగవుకు తావు తక్కువ. కానీ ఏటా అదే చోటంటే ఎవరికైనా విసుగే. అందుకని 1974లో అమెరికాలో ఆర్.సి.ఐ. అనే సంస్థ వారాలు మార్పిడి చేసుకునే ఏర్పాటు చేసింది.

పాయింట్ల పద్ధతి వేరు. 1963లోనే స్విట్జర్లాండులో మొదలైన హపిమాగ్ సంస్థ, వాటా కొన్నవారికి ఏటా పాయింట్లిచ్చి, రద్దీ రోజుల్లో గదికి ఎక్కువ పాయింట్లు పట్టుకునేది. 1991లో ఫ్లోరిడాలో తొలి విడిది తెరిచిన డిస్నీ వారి క్లబ్బుదీ పాయింట్ల పద్ధతే. అక్కడొక తమాషా ఉంది. సభ్యుడు తాను కొన్న విడిదిలో 11 నెలల ముందు గది అడగవచ్చు, క్లబ్బు వారి ఇతర విడుదులలో 7 నెలల ముందు మాత్రమే. ఇద్దరి దగ్గరా సమానమైన పాయింట్లున్నా నాలుగు నెలలు ముందుగా అడగగలిగినవాడికే గది. అంటే పాయింటు గది వెల మాత్రమే. వరుసలో మన చోటు ఎక్కడన్నది వేరే క్లాజులో ఉంటుంది.

ఇది మనకు కొత్తేమీ కాదు. ఫండమెంటల్ రూల్ 67 ఎవరు మరచిపోతారు? ఆర్జిత సెలవు ఖాతాలో ఎంత నిల్వ ఉన్నా, సెలవును హక్కుగా కోరరాదు. ఆఫీసరుగారు పని ఒత్తిడి ఉందంటే చెల్లి పెళ్లికైనా ఆగవలసిందే! నయమేమిటంటే మన సెలవు నిల్వకు రిటైరయ్యేటప్పుడు డబ్బిచ్చారు. పాయింట్లు గడువు దాటితే మురిగిపోతాయి.

స్పెయిన్‌లో 1998 నాటి చట్టం ఇలాంటి ఒప్పందాలకు 50 ఏళ్ల పరిమితి పెట్టింది. 2015 నుంచి అక్కడి సుప్రీంకోర్టు, ఆ గడువు మించినవాటిని, ఏ గదో ఏ వారమో తేల్చనివాటిని చెల్లవని వరుసగా తీర్పులిచ్చింది. మన దేశంలో టైంషేర్‌కు ప్రత్యేక చట్టం లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద, అన్యాయమైన ఒప్పందమని రాష్ట్ర కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

మిత్రుని పత్రం రెండు పూటలు చదివాను. గదులు ఖాళీని బట్టే ఇస్తారని ఒకచోట ఉంది. గది వాడినా వాడకపోయినా ఏటా రుసుము కట్టాలని మరొకచోట. అసలు సంగతి చివరి అనుబంధంలో దొరికింది. ఆయన కొన్నది మధ్యరకం సీజను. దసరా వారం పైరకంలో ఉంది. పైరకం వారు తీసుకోగా మిగిలితేనే ఈయనకు. అమ్మినవాడు ఆ మాట చెప్పలేదట, ఈయనా అనుబంధం తిప్పలేదు.

ఆయన తరగతికి దసరా వారంలో ఎన్ని గదులు, బుకింగు ఏ తేదీన తెరుస్తారు అని ఇద్దరం కూర్చుని ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో పంపాం. అందినట్లు రసీదు వచ్చింది. జవాబు ఇంకా రాలేదు.